బండ గ్యాపులోని గాలి

నిజామాబాద్ జిల్లా ఎడపల్లిలో గానీ జానకంపేటలో గానీ బోరు బండి వచ్చిన రోజు ఇంటిల్లిపాదీ ఒకే ఒక్క మాట కోసం చెవులు రిక్కించుకుని కూర్చుంటారు. ఆ మాట 'గ్యాపు పడింది' అని. పైన మట్టి పొర ఉన్నంత మేర కేసింగ్ పైపు దింపుతారు. ఆ కింద గట్టి బండ. దాన్ని తొలుస్తూ పోతుంటే వంద అడుగులైనా, రెండు వందల అడుగులైనా పైకి లేచేది దుమ్మే. ఉన్నట్టుండి రాడ్డు జానెడు జారుతుంది, దుమ్ము తడిసి బురద అవుతుంది, అప్పుడు ఇంటాయన ముఖంలోకి రక్తం వస్తుంది. గ్రానైట్ బండ తనంతట తాను నీళ్లు పీల్చుకోదు. దానికి పడ్డ చీలికల్లోనే నీళ్లు నడుస్తాయి. ఇంచున్నర నీళ్లు పడ్డా, రెండించుల నీళ్లు పడ్డా అది ఆ సందు పుణ్యమే.

ఆ సందులో నీళ్లతోపాటు ఇంకొకటి కూడా ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. టీడీఎస్ మీటరు ముంచితే తెలియదు, గ్లాసు ఎత్తి వెలుతురులో చూసినా కనపడదు. దాని పేరు రేడాన్. ఈ పూట దాని గురించే మాట్లాడుకుందాం. భయపెట్టడానికి రాలేదు. భయపడాల్సింది ఎంత, అక్కర్లేనిది ఎంత అని లెక్క తేల్చడానికే ఈ ప్రసంగం.

అశోక్‌సాగర్ చెరువు గట్టు మీద నిలబడితే ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న గుండ్లు కనిపిస్తాయి కదా. అదే రాయి మన కాళ్ల కింద కూడా పరుచుకుని ఉంది. మామూలు గ్రానైట్‌లో టన్నుకు మూడు నుంచి ఐదు గ్రాముల యురేనియం ఉంటుంది. గని తవ్వుకునేంత సరుకు కాదది. నల్లగొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు దగ్గర ఉన్నది వేరే సంగతి. మన బండలో ఉన్నది ప్రపంచంలో ఏ గ్రానైట్‌లోనైనా ఉండే పాలే. అయితే ఆ కాస్త యురేనియమూ ఊరుకోదు. తరుగుతూ తరుగుతూ కొన్ని మెట్లు దిగి రేడియం అవుతుంది. రేడియం తరిగి రేడాన్ అవుతుంది. ఈ వంశంలో మిగతా వాళ్లంతా ఘన పదార్థాలు, రాతిని అంటిపెట్టుకుని పడి ఉంటారు. ఒక్క రేడాన్ మాత్రం వాయువు. అందుకే అది రాతిలోంచి బయటపడి చీలికలోని నీళ్లలో కలుస్తుంది. లోతున నాలుగు వైపులా బండ మూసుకుని ఉంటుంది కాబట్టి అక్కడి నుంచి గాలిలోకి పోయే దారి దానికి లేదు.

పడమటికి పోతే కథ మారుతుంది. మద్నూరు, జుక్కల్, బిచ్కుంద వైపు నల్లరేగడి కింద ఉన్నది దక్కను బసాల్టు, అంటే ఒకప్పటి లావా రాయి. అందులో యురేనియం టన్నుకు ఒక గ్రాము కూడా ఉండదు. ఉమ్మడి నిజామాబాద్ జిల్లా ఒక్కటే అయినా నేల కింది రాయి ఒక్కటి కాదు. మా దగ్గర నీళ్లు మంచివి, మీ దగ్గర చెడ్డవి అని ఊళ్ల మధ్య జరిగే వాదనల్లో సగం తగాదా ఈ రాళ్లదే.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. సెకనుకు ఒక్క పరమాణువు విచ్ఛిన్నమైతే దాన్ని ఒక బెకరెల్ అంటారు. నదుల్లో, చెరువుల్లో రేడాన్ దాదాపు ఉండదు, గాలి తగిలి పోతుంది. గ్రానైట్ బోర్లలో లీటరుకు పదుల నుంచి వందల బెకరెల్ దాకా ఉండొచ్చు. ఫిన్లాండ్ దేశం మనలాగే గ్రానైట్ మీద కూర్చున్న దేశం. అక్కడి ప్రభుత్వ సంస్థ కొలిస్తే బండలోకి వేసిన బోర్లలో సగటున లీటరుకు 460 బెకరెల్, చేత్తో తవ్విన బావుల్లో 50 వచ్చింది. ఒకే దేశం, అయినా బోరుకూ బావికీ అంత తేడా. మనకు దగ్గర్లో చూస్తే, బెంగళూరు బోరు నీళ్ల మీద 2010లో వెలువడిన ఒక అధ్యయనంలో కొన్ని చోట్ల లీటరుకు వెయ్యి బెకరెల్ దాటింది. హైదరాబాద్‌లోనూ, నల్లగొండ యురేనియం ప్రాంతంలోనూ ఉస్మానియా విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగం వాళ్లు ఇళ్లలోని రేడాన్‌ను కొలిచారు. కాబట్టి ఇదేదో చలిదేశాల బాధ, మనకు సంబంధం లేదు అనుకోవడానికి వీల్లేదు.

నీళ్లలో ఈ వాయువు ఉన్న సంగతి కొత్తదేమీ కాదు. 1903లోనే ఇంగ్లండులో జె. జె. థామ్సన్ అనే శాస్త్రవేత్త బావి నీళ్లలో రేడియోధార్మిక వాయువును పట్టుకున్నాడు. ఆ తర్వాత జరిగింది వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఊటనీళ్లకు మహిమ ఉన్నది దీనివల్లే అన్నారు వ్యాపారులు. 1912లో అమెరికాలో లోపల రేడియం ఖనిజం పూసిన కూజాకు పేటెంటు వచ్చింది. రాత్రి నీళ్లు పోసి పెట్టుకుని పొద్దున్నే తాగితే కీళ్లనొప్పులు పోతాయన్నారు. జనం డబ్బులిచ్చి మరీ రేడాన్ నీళ్లు తాగారు. ఇంకొకడు ఏకంగా రేడియమే కలిపిన నీళ్లను సీసాల్లో నింపి అమ్మాడు. ఎబెన్ బయర్స్ అనే ధనికుడు ఆ సీసాలు వందల కొద్దీ తాగి, దవడ ఎముక కుళ్లిపోయి 1932లో చనిపోయాడు. ఆయన్ని చంపింది రేడియం, రేడాన్ కాదు. ఈ రెంటినీ కలిపి చెప్పి జనాన్ని హడలగొట్టే వాళ్లున్నారు కాబట్టే ఈ తేడా గుర్తుచేస్తున్నాను.

రేడాన్ అసలు హాని తెలిసింది నీళ్ల దగ్గర కాదు, గనుల్లో. జర్మనీలో ష్నీబెర్గ్ అనే ఊరి గని కార్మికులు తరతరాలుగా ఏదో ఊపిరితిత్తుల జబ్బుతో చిన్న వయసులోనే పోయేవాళ్లు. అది క్యాన్సర్ అని 1879లో ఇద్దరు వైద్యులు తేల్చారు. గనిలో నిండి ఉన్న రేడాన్ దానికి కారణమని తెలియడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. ఇక ఇళ్ల సంగతి బయటపడిన తీరు మరీ విచిత్రం. 1984లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో స్టాన్లీ వాట్రాస్ అనే ఇంజనీరు అప్పుడే కడుతున్న ఒక అణువిద్యుత్ కేంద్రంలో పనిచేసేవాడు. అక్కడ రేడియేషన్‌ను పసిగట్టే యంత్రాలు ఆయన దగ్గరికి రాగానే గోల పెట్టేవి. ఆ కేంద్రం ఇంకా మొదలే కాలేదు. వెతగ్గా వెతగ్గా తేలిందేమిటంటే, ఆయన దాన్ని ఇంటి నుంచే ఒంటికి అంటించుకుని వస్తున్నాడు. ఆయన ఇంటి నేలలోంచి రేడాన్ అంతలా ఎగదన్నుతోంది.

నీళ్లలోని రేడాన్ తాగితే ఏమవుతుందని అందరూ అడుగుతారు. నన్నడిగితే అది రెండో ప్రశ్న. మొదట అడగాల్సింది, నీళ్లలోంచి అది ఎక్కడికి పోతుంది అని. గోలీసోడా కొట్టినప్పుడు గ్యాసు ఎలా బుస్సుమని పైకి వస్తుందో, నల్లా తిప్పినప్పుడు రేడాన్ అలాగే నీళ్లను వదిలి గాలిలోకి వస్తుంది. బుడగలు కనిపించవు, అంతే తేడా. షవర్ కింద నీళ్లు తుంపరలైతే సగానికి పైగా బయటికి వచ్చేస్తుంది. నీళ్లు మరిగిస్తే దాదాపు అంతా పోతుంది. అలా వచ్చిన దాన్ని మనం పీలుస్తాం. రేడాన్‌ను పీల్చి వదిలేస్తే పెద్ద నష్టం లేదు, అది ఒంటికి అంటుకోని వాయువు. అది విచ్ఛిన్నమై పుట్టించే పొలోనియం, సీసం, బిస్మత్ రేణువులే దుమ్ముకు అంటుకుని ఊపిరితిత్తుల లోపలి పొర మీద కూర్చుంటాయి. వాటిలో పొలోనియం నుంచి వెలువడే ఆల్ఫా కణాలు ఆ పక్కనున్న జీవకణాలను గాయపరుస్తాయి. ఏళ్ల తరబడి ఇదే జరిగితే కొందరిలో అది క్యాన్సర్ అవుతుంది. 1988లోనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ రేడాన్‌ను మనిషికి క్యాన్సర్ తెచ్చే పదార్థాల జాబితాలో చేర్చింది.

తాగితే? కొంత కడుపులోకి పోతుంది, అక్కడి నుంచి రక్తంలో కలుస్తుంది, కొద్దిసేపటికే ఊపిరితో బయటికి పోతుంది. 1999లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ ఒక నివేదికలో లెక్క కట్టింది. నీళ్లలోంచి గాలిలోకి వచ్చిన రేడాన్‌ను పీల్చడం వల్ల ఆ దేశంలో ఏటా 160 మంది, దాన్ని తాగడం వల్ల కడుపు క్యాన్సర్‌తో 20 మంది చనిపోతుండవచ్చని. అదే దేశంలో అన్ని దారుల్లో వచ్చే రేడాన్ వల్ల ఏటా సుమారు 21,000 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోతున్నారని వాళ్ల పర్యావరణ సంస్థ అంచనా. అంటే అత్యధిక భాగం నేల పగుళ్లలోంచి ఇంట్లోకి వచ్చేదే, నీళ్ల వాటా చాలా చిన్నది. ఫిన్లాండ్‌లో బోరు నీళ్లు తాగేవాళ్లలో కడుపు క్యాన్సర్ ఎక్కువగా ఉందేమో అని వెతికి, 2005లో లేదని ప్రకటించారు.

మీరే ఒక లెక్క వేసుకోవచ్చు, కాగితం కూడా అక్కర్లేదు. నీళ్లలో ఉన్న రేడాన్‌లో పదివేలో వంతు ఇంటి గాలిలో సగటున చేరుతుందని ఆ అకాడమీ సూత్రం. మీ బోరులో లీటరుకు 300 బెకరెల్ ఉందనుకోండి. ఘనపు మీటరు నీళ్లంటే వెయ్యి లీటర్లు కాబట్టి మూడు లక్షలు. అందులో పదివేలో వంతు 30. ఇంటి గాలిలో ఘనపు మీటరుకు 100 బెకరెల్ మించకుండా చూసుకోమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ వందలో ముప్పై మీ బోరు నుంచి వచ్చిందన్నమాట. కిటికీలు బిగించి హీటర్లు పెట్టుకునే ఇళ్లను చూసి కట్టిన లెక్క అది. తలుపులు బార్లా తీసి ఉండే మన ఇళ్లలో అంత నిలవదు. మన ఇళ్లకు నేలమాళిగలు కూడా లేవు.

అయితే మన ఇళ్లూ మారుతున్నాయి. ఒకప్పుడు స్నానం పెరట్లో తడికల చాటున, లేదంటే బాయికాడ. ఇప్పుడు పడకగదికి ఆనుకుని ఆరడుగుల బాత్రూము, నిలువునా టైల్స్, పైన గీజరు, జానెడంత వెంటిలేటరు. చలి వస్తుందని దానికీ అట్టముక్క అడ్డం. బోరు మోటరు వేసి నేరుగా ఆ నల్లాలోకే నీళ్లు వదిలితే, వేడినీళ్లతో పావుగంట స్నానం చేస్తే, ఇంట్లో రేడాన్ ఎక్కువగా ఉండే చోటు అదే. దీనికి పరిష్కారం కూడా చవకైనదే. ఆ అట్టముక్క తీసేయండి. వీలైతే ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించండి. బోరు నీళ్లను ముందు మిద్దె మీది ట్యాంకులోకి పైనుంచి పడేలా ఎక్కించి, ఆ తర్వాత వాడండి. పడేటప్పుడు కొంత గాలిలో కలుస్తుంది, నిలవ ఉన్న ఒక్క రోజులో మిగిలిన దాంట్లో ఆరో వంతు తనంతట తానే తరిగిపోతుంది. రేడాన్ సగం కావడానికి నాలుగు రోజులకు కొంచెం తక్కువ పడుతుంది. కానీ ట్యాంకు మూతకు గాలి పోయే సందు ఉండాలి.

ఇక్కడ ఒక సంగతి నొక్కి చెప్పాలి. మన రాష్ట్రంలో నీటి జబ్బు అనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. నల్లగొండ పేరు పటిక, సున్నం, బ్లీచింగ్ పొడితో ఫ్లోరైడ్ తీసే పద్ధతికే పెట్టారు, అంత పేరు పడింది ఆ బాధకు. ఫ్లోరైడ్ నీళ్లను కాచి తాగినా లాభం లేదు, నీళ్లు ఆవిరైన కొద్దీ అది చిక్కబడుతుంది. యురేనియం కూడా అంతే, కాచితే పోదు, ఉంటే మూత్రపిండాలకు చేటు. రేడాన్ దీనికి సరిగ్గా తలకిందులు. కాచితే పోతుంది. వంటింటి కిటికీ తీసి ఉంచాలి, అదొక్కటే షరతు. ఇప్పుడు ప్రతి ఊళ్లో ఉన్న ఆర్‌వో ప్లాంటు సంగతి చూడండి. ఆ పొర ఫ్లోరైడ్‌ను, యురేనియాన్ని ఆపుతుంది, కరిగిన వాయువును మాత్రం ఆపదు. అయినా బిందెలోకి పోసేసరికి, ఇంటికి తెచ్చేసరికి, కుండలోకి వంచేసరికి రేడాన్ చాలావరకు పోతుంది. మరోపక్క కార్బన్ ఫిల్టరు రేడాన్‌ను పట్టి పెట్టుకుంటుంది. ఎక్కువ రేడాన్ ఉన్న నీళ్లను ఏళ్ల తరబడి దాని గుండా పంపితే ఆ ఫిల్టరు డబ్బానే రేడియేషన్ మూట అవుతుంది. అందుకే నీళ్లలోకి గాలి ఊది రేడాన్‌ను బయటికి పంపే పద్ధతినే ఇతర దేశాల్లో మేలంటారు.

అయితే పాత చేదబావులే నయం, మళ్లీ వాటికే పోదామా అంటారేమో. పోవద్దు. కాలువ కింద ఊళ్లలో చేతిపంపులు ఎందుకు వచ్చాయో పెద్దలకు గుర్తుంటుంది. 1931లో నిజాంసాగర్ పూర్తయింది, అలీసాగర్ నిండింది, చెరకు పెరిగింది, శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ పొగ లేచింది. 2015 డిసెంబరులో అది మూతపడే దాకా ఈ ప్రాంతం బతుకంతా ఆ నీళ్ల చుట్టే తిరిగింది. పొలాలకు మంచి నీళ్లు వచ్చాయి గానీ మనుషులు తాగింది బావి నీళ్లే. దిగుడు బావుల్లో కాళ్లు పెట్టి ముంచుకున్న నీళ్లతో నారికురుపు, కలరా, విరేచనాలు. బోరు ఆ రోగాలను ఆపింది. 2000లో మన దేశానికి నారికురుపు లేని దేశమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపత్రం ఇచ్చింది, అందులో చేతిపంపు పాలు చిన్నది కాదు. వచ్చిన లాభంతో పోలిస్తే రేడాన్ చిన్న బాకీ. ఇప్పుడు మిషన్ భగీరథ పథకం నల్లా వచ్చింది. గోదావరి, మంజీర జలాశయాల్లో ఎండకు, గాలికి నిలిచి, శుద్ధి అయి వచ్చే నీళ్లు అవి, రేడాన్ మాట దాదాపు ఉండదు. రుచి బాగాలేదని పక్కన పెట్టి బోరు నీళ్లే తాగేవాళ్లకు నా మాట రుచించకపోవచ్చు.

బీడీ గురించి చెప్పకుండా ముగిస్తే నిజామాబాద్ శ్రోతలకు అన్యాయం చేసినట్టే. మన ఆడవాళ్లు చాట ముందు పెట్టుకుని చుట్టే ఆ బీడీలోని పొగాకుకు, ఇందాక చెప్పిన పొలోనియానికి చుట్టరికం ఉంది. గాలిలోని రేడాన్ తరిగి పుట్టే రేణువులు పొగాకు ఆకు మీది జిగురు నూగుకు అంటుకుంటాయి. పొగలో పొలోనియం ఉందని 1964లో హార్వర్డ్ పరిశోధకులు ప్రకటించారు. అది ఒకవైపు. ఇంకోవైపు, ఒకే మోతాదు రేడాన్ పీల్చే ఇద్దరిలో పొగతాగే మనిషికి ముప్పు, తాగని మనిషి కంటే దాదాపు 25 రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. బోరు నీళ్లలో ఏముందో అని నిద్ర పట్టక అర్ధరాత్రి లేచి బీడీ వెలిగించే పెద్దమనిషికి నేనేం చెప్పను?

ఇక పరీక్ష. మన దేశపు తాగునీటి ప్రమాణం, ఐఎస్ 10500, నీళ్లలో మొత్తం ఆల్ఫా రేడియోధార్మికత లీటరుకు 0.1 బెకరెల్, బీటా 1 బెకరెల్ దాటకూడదంటుంది. యురేనియానికి లీటరుకు 0.03 మిల్లీగ్రాము హద్దు. రేడాన్‌కు విడిగా హద్దు పెట్టలేదు. యూరప్ దేశాలు 2013లో లీటరుకు 100 బెకరెల్‌ను సూచిక అంకెగా పెట్టుకున్నాయి. అమెరికా 1999లో లీటరుకు 11 బెకరెల్ అని ప్రతిపాదించి, అక్కడే వదిలేసింది. నా ఉద్దేశంలో యూరప్ అంకె మనకు సరిపోతుంది.

మామూలుగా నీళ్ల పరీక్ష చేయిస్తే ఫ్లోరైడ్, నైట్రేట్, గట్టితనం చెబుతారు, రేడాన్ అందులో రాదు. దాన్ని కొలిచే పరికరాన్ని ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) మన దేశంలోనే తయారుచేసింది. విశ్వవిద్యాలయాల భౌతికశాస్త్ర విభాగాల్లో ఇలాంటి పరికరాలు ఉంటాయి. ఒక ఊరు మొత్తం కలిసి అడిగితే పని తేలికవుతుంది. ఇంటింటికీ అక్కర్లేదు. ఊళ్లో బాగా లోతైన బోర్లు, బడి బోరు, వాటర్ ప్లాంటు బోరు చూస్తే చాలు. పైపైన ఉన్న బోర్ల కంటే బండలో లోతుగా గ్యాపు పడ్డ బోర్లనే ముందు ఎంచుకోండి.

నమూనా పట్టడంలోనే చాలామంది తప్పుతారు. మోటరు పదిహేను ఇరవై నిమిషాలు నడిపించి, పైపులో నిలిచిన నీళ్లు పోయాక పట్టాలి. ట్యాంకులోంచి కాదు, బోరు మూతి దగ్గరే. గాజు సీసాను ఒక బకెట్ అడుగున పెట్టి, సన్నటి గొట్టం సీసా లోపలిదాకా పెట్టి, సీసా నిండి, బకెట్ నిండి పొర్లేదాకా మెల్లగా వదలాలి. నీళ్లలో మునిగి ఉండగానే మూత బిగించాలి. బోర్లించి చూస్తే లోపల ఒక్క బుడగ కూడా కనపడకూడదు. బుడగ ఉంటే ఆ నమూనా పారబోసి మళ్లీ పట్టండి. సీసా మీద ఊరు, బోరు లోతు, తేదీతోపాటు పట్టిన గంట కూడా రాయండి. నాలుగు రోజుల్లో సగం పోయే సరుకు కాబట్టి, ల్యాబులో వాళ్లు ఆ గంటను బట్టే వెనక్కి లెక్క కడతారు. పట్టిన రోజే బస్సెక్కించండి.